కాందిశీక కుటుంబాలు భారత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవడం ఎలా?

కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో కాగజ్‌నగర్ దాటి కొంచెం లోపలికి వెళితే ఈస్‌గాం, నజ్రూల్‌నగర్ వంటి ఊళ్ళలో తెలుగుతో పాటు బెంగాలీ కూడా వినిపిస్తుంది. తూర్పు పాకిస్తాన్‌లో ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన కాందిశీకులకు ప్రభుత్వం పునరావాసం కల్పించిన ఊళ్ళు అవి. ప్రభుత్వ లెక్కల్లో ఎక్కి వచ్చిన కుటుంబం చేతిలో ఏదో ఒక కాగితం ఉంటుంది. అసలు ఇబ్బంది ఆ తరువాతి కాలంలో బంధువులను వెతుక్కుంటూనో, పెళ్ళి సంబంధం మీదనో, ఊళ్ళో గొడవలకు భయపడో చేతిలో ఏమీ లేకుండా సరిహద్దు దాటి వచ్చినవారిది. వారి పిల్లలు తెలుగు మీడియంలో పదో తరగతి రాస్తారు, కూలికీ కొలువుకీ హైదరాబాదు వెళతారు, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసిన రోజున మాత్రం తల్లిదండ్రుల పౌరసత్వానికి ఆధారం ఏమిటన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు.

ఈ వ్యాసం అటువంటి కుటుంబాల కోసం. 2019లో పార్లమెంటు ఆమోదించిన పౌరసత్వ సవరణ చట్టం (సీఏఏ) ప్రకారం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ దేశాల నుంచి 2014 డిసెంబరు 31న గానీ అంతకు ముందు గానీ భారతదేశంలోకి వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులు వీసా, పాస్‌పోర్టు లేకపోయినా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అందుకు కావలసిన నిబంధనలు 2024 మార్చి 11న వెలువడ్డాయి. ఈ చట్టాన్ని సవాలు చేసిన పిటిషన్ల విచారణ సుప్రీంకోర్టులో ఉన్నా, నిబంధనల అమలును నిలిపివేయడానికి కోర్టు 2024 మార్చిలో అంగీకరించలేదు. అదే ఏడాది మే 15న మొదటి 14 మందికి ఢిల్లీలో ధ్రువపత్రాలు కూడా అందాయి.

ముందుగా, మీలో ఎవరు దరఖాస్తు చేయాలో తేల్చుకోండి

చాలా కుటుంబాలు చేసే మొదటి పొరపాటు, ఇంటిల్లిపాదీ ఒకేసారి నెట్ సెంటరుకు వెళ్ళి అందరి పేర్లూ నమోదు చేయించాలనుకోవడం. పౌరసత్వం ఇంటికి ఇచ్చేది కాదు, మనిషికి ఇచ్చేది. కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకుని ఇంట్లో ప్రతి ఒక్కరి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఇక్కడికి వచ్చిన సంవత్సరం, తల్లిదండ్రులు పుట్టిన ఊరు రాయండి. ఆ కాగితాన్ని పౌరసత్వ చట్టం, 1955లోని 3వ సెక్షన్‌తో పోల్చి చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు భారతదేశంలో పుట్టినవారు, తల్లిదండ్రులు ఏ దేశస్థులైనప్పటికీ, పుట్టుకతోనే భారత పౌరులు. దీనికి విదేశీ దౌత్యాధికారుల పిల్లల వంటి కొద్దిపాటి మినహాయింపులున్నా అవి మన కుటుంబాలకు వర్తించేవి కావు. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబరు 2 వరకు పుట్టినవారికి, వారు పుట్టేనాటికి తల్లిదండ్రులలో ఒకరు భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు చట్టవిరుద్ధంగా వచ్చినవారు కాకుండా ఉండాలి.

ఒక ఉదాహరణ చూడండి. 1985లో కాగజ్‌నగర్‌లో పుట్టిన స్త్రీ భారత పౌరురాలు. ఆమె చేయవలసింది జనన ధ్రువపత్రం సంపాదించుకోవడమే తప్ప పౌరసత్వానికి దరఖాస్తు చేయడం కాదు. ఆమెకు 2003లో పుట్టిన కొడుకు, తండ్రి ఎవరైనప్పటికీ, తల్లి వలన పౌరుడు. 2006లో పుట్టిన కూతురి విషయంలో మాత్రం తండ్రి కాగితాలు కూడా చూడాలి. ఒకే తల్లి పిల్లలలో ఒకరికి దరఖాస్తు అక్కరలేకపోవడం, ఇంకొకరికి అవసరం కావడం ఇందువల్లనే. విశాఖపట్నం బర్మా క్యాంపు వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ తేదీలే వర్తిస్తాయి: బర్మా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు 1987 జూలైకి ముందు ఇక్కడ పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు.

పంపే ముందు ఒక ఆలోచన

ఈ దరఖాస్తు పెట్టడమంటే, నేను ఫలానా దేశం నుంచి వచ్చాను, ఇప్పటివరకు భారత పౌరుణ్ణి కాదు అని మీ చేతితో మీరే రాసి ఇవ్వడం. ఈ మాట చెప్పకుండా జనాన్ని తొందరపెట్టేవారిని నమ్మవద్దు. పుట్టుకతో పౌరులైనవారు తెలియక దరఖాస్తు పెడితే ఉన్న హక్కునే అనుమానంలోకి నెట్టుకున్నవారవుతారు. ఓటరు గుర్తింపు కార్డు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఓటరుగా నమోదయ్యేటప్పుడు తాము భారత పౌరులమని సంతకం చేసి ఉంటారు. అటువంటివారు నెట్ సెంటరుకు కాదు, ముందు న్యాయవాది దగ్గరకు వెళ్ళాలి. ఫీజు ఇచ్చుకోలేనివారు జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది.

భయపడేవారికి ధైర్యం ఇచ్చే మాట కూడా చట్టంలోనే ఉంది. అక్రమ ప్రవేశం గురించి మీ మీద కేసు నడుస్తున్నా, ఆ కారణంతో మిమ్మల్ని దరఖాస్తుకు అనర్హులుగా చూడకూడదని 2019 సవరణ చేర్చిన 6బి సెక్షన్ చెబుతోంది. పౌరసత్వం వచ్చిన మరుక్షణం ఆ కేసు రద్దయిపోతుంది. దరఖాస్తు పెట్టినందుకు, ఆనాటికి మీకున్న హక్కులు, సదుపాయాలు తీసివేయకూడదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. పౌరసత్వం లభిస్తే అది మీరు దేశంలో అడుగుపెట్టిన తేదీ నుంచే లభించినట్టు లెక్క.

2025 సెప్టెంబరు 1న వచ్చిన ఒక ఉత్తర్వును చూపించి, గడువు తేదీ 2024 డిసెంబరు 31కి మారిందని కొందరు చెబుతున్నారు. అది తప్పు. ఆ ఉత్తర్వు 2024 చివరి వరకు వచ్చిన ఈ ఆరు మతాలవారిని పాస్‌పోర్టు, వీసా లేనందుకు శిక్షించకుండా మినహాయించింది, అంతే. పౌరసత్వ దరఖాస్తుకు తేదీ ఇప్పటికీ 2014 డిసెంబరు 31.

మీ ఫారం ఏది?

ఫారాలకు రోమన్ అంకెలూ, పక్కన ఇంగ్లీషు A అక్షరమూ ఉంటాయి. మన కుటుంబాలకు ఎక్కువగా ఉపయోగపడేవి రెండు: 2ఏ (IIA), 8ఏ (VIIIA). మీరు గానీ, మీ తల్లిదండ్రులలో ఒకరు గానీ అవిభక్త భారతదేశంలో, అంటే విభజనకు ముందు ఖుల్నా, బరిశాల్, ఫరీద్‌పూర్ వంటి జిల్లాలలో పుట్టి ఉంటే మీరు భారత సంతతివారు, మీది 2ఏ. తల్లిదండ్రులిద్దరూ విభజన తరువాత అక్కడే పుట్టినవారైతే మీది 8ఏ, అంటే నేచురలైజేషన్ (ఇక్కడ నివసించిన కాలాన్ని బట్టి పౌరసత్వం పొందడం). అఫ్గానిస్తాన్ ఏనాడూ అవిభక్త భారతంలో భాగం కాదు గనుక అక్కడివారికి సాధారణంగా 8ఏ వర్తిస్తుంది. భారత పౌరులను పెళ్ళి చేసుకున్నవారికి 3ఏ ఉంది. తల్లిదండ్రులు పౌరులైన మైనరు పిల్లలకు 4ఏ, రిజిస్ట్రేషన్ (2ఏ, 3ఏ వంటి ఫారాల) ద్వారా పౌరులైనవారి మేజరు పిల్లలకు 5ఏ.

నివాస కాలం కూడా ఫారాన్ని బట్టి మారుతుంది. 2ఏ, 3ఏ వారికి మొత్తం ఏడేళ్ళు కావాలి. 8ఏ వారికి మామూలుగా పదకొండేళ్ళు కావలసి ఉండగా ఈ ఆరు మతాలవారికి దానిని ఐదేళ్ళకు తగ్గించారు. దానికి అదనంగా దరఖాస్తుకు ముందరి పన్నెండు నెలలు కలుస్తాయి. ఈ మూడు ఫారాలలో ఏదైనా ఆ చివరి పన్నెండు నెలలు ఎడతెగకుండా ఇక్కడే ఉండటం ముఖ్యం. అవతలి ఒడ్డున మేనమామ కూతురి పెళ్ళి ఉన్నా సరే, ఆ ఏడాది సరిహద్దు దాటవద్దు.

8ఏ వారు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భాష తమకు వచ్చునని తెలియజేయాలి. మాట్లాడటమో, చదవడమో, రాయడమో ఒక్కటి వచ్చినా చాలును. బెంగాలీ, సింధీ, పంజాబీ ఆ జాబితాలో ఉన్నాయి, తెలుగూ ఉంది. అక్షరం రాని ముసలివారు ఈ నిబంధన చూసి వెనక్కి తగ్గనక్కరలేదు.

కాగితాలు: అసలు పని ఇక్కడే

రెండు విషయాలకు వేరువేరుగా రుజువు చూపాలి. ఒకటి, మీరు ఆ మూడు దేశాలలో ఒకదానికి చెందినవారని. రెండు, 2014 డిసెంబరు 31 నాటికి ఇక్కడికి వచ్చి ఉన్నారని. ఒకదాని రుజువు సాధారణంగా రెండోదానికి పనికిరాదు గనుక రెండు సంచులు పెట్టుకోండి.

మొదటి సంచిలోకి ఆ దేశపు పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, బడి సర్టిఫికెట్టు, గుర్తింపు కార్డు, ఏదైనా లైసెన్సు, భూమి లేదా అద్దె కాగితం, విదేశీయుల నమోదు కార్యాలయం ఇచ్చిన ధ్రువపత్రం వస్తాయి. మీ పేరున ఏదీ లేకపోతే మీ తల్లిదండ్రులో, తాత అవ్వలో, ముత్తాతో ఆ దేశస్థులని చూపే కాగితమైనా సరిపోతుంది. గడువు తీరిపోయిన పాస్‌పోర్టును పారేయకండి. గడువుతో పని లేకుండా ఈ పత్రాలను అంగీకరించాలని నిబంధనల్లోనే ఉంది.

ఈ సంచికి కావలసినది ఎక్కువగా ఇంట్లోనే దొరుకుతుంది. ఒక ఇంట్లో పెద్దావిడ లక్ష్మీదేవి పటం వెనక నుంచి, సరిహద్దు దగ్గర కాందిశీకులకు ఇచ్చిన ఒక బోర్డర్ స్లిప్ తీసి చూపించింది. నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితం అంచులు గోధుమరంగుకు తిరిగి, మడత సరిగ్గా తేదీ మీదుగా చిరిగి ఉంది. ఎవరో దానికి సెలోటేపు అంటించారు. టేపు పసుపెక్కి, దాని కింద సిరా పాకిపోయి, సంవత్సరంలో చివరి అంకె ఒకటో ఏడో చెప్పలేని పరిస్థితి. మీ ఇంట్లో ఇటువంటి కాగితం ఉంటే టేపు వేయవద్దు, లామినేషన్ చేయించవద్దు. పారదర్శకమైన కవరులో పెట్టి, రెండు వైపులా మంచి వెలుతురులో స్కాన్ చేయించి, ఆ స్కాన్‌ను రెండు మూడు చోట్ల దాచుకోండి.

రెండో సంచిలోకి 2014 చివరిలోపు తేదీతో భారతదేశంలో పుట్టిన ఏ అధికారిక కాగితమైనా రావచ్చు: రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్, పాన్ కార్డు, కరెంటు బిల్లు, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, బీమా పాలసీ, పీఎఫ్ కాగితం, కోర్టు కాగితం, రిజిస్టరైన అద్దె ఒప్పందం, పెళ్ళి ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రం, బడి టీసీ, జనగణన సిబ్బంది ఇచ్చిన స్లిప్పు. పంచాయతీ లేదా మునిసిపాలిటీలో ఎన్నికైన సభ్యులు ఇచ్చే ధ్రువపత్రం కూడా జాబితాలో ఉంది గానీ, దానిని ఆఖరి ఆధారంగా ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. బడి రిజిస్టరుకున్న బలం దానికి ఉండదు.

బడి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కూలి పనులకు తిరిగే కుటుంబానికి కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా ఆలస్యంగా వస్తాయి. పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో చేర్చిన రోజు మాత్రం అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, తేదీ సిరాతో పడతాయి. మండల పరిషత్ పాఠశాల ప్రధానోపాధ్యాయులకు అర్జీ రాసి ఆ పేజీ నకలు, స్టడీ సర్టిఫికెట్టు సంతకం, ముద్రతో తీసుకోండి.

తేదీల విషయంలో రెండు మెలకువలు అవసరం. తరువాతి కాలంలో కొత్తగా ఇచ్చిన రేషన్ కార్డు మీద ఆ కొత్త తేదీయే ఉంటుంది, కనుక పాత కార్డును వెతకండి. ఇంకొకటి ఈ ప్రాంతంవారికే ఎదురయ్యేది: 2014 జూన్ 2కు ముందు కాగితాలపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమని, 2016 అక్టోబరుకు ముందువాటిపై ఆదిలాబాద్ జిల్లా అని ఉంటుంది. ఫారంలో మాత్రం నేటి జిల్లా, నేటి రాష్ట్రం రాయాలి. ఈ తేడాకు భయపడి పాత కాగితాన్ని దిద్దించవద్దు. ఉన్నది ఉన్నట్టే ఉంచి, జిల్లాల విభజన వలన పేరు మారిందని ఒక్క వాక్యం రాసి జతచేయండి.

పేర్ల తేడా మాత్రం నిజంగా పట్టించుకోవలసినది. బెంగాలీలు ఇంటిపేరు చివర రాస్తారు, మన దగ్గర ముందు రాస్తారు. అందువలన అవతలి బడి సర్టిఫికెట్టులో సునీల్ కుమార్ మండల్ అయిన మనిషి ఇక్కడ రేషన్ కార్డులో మండల్ సునీల్, పాసుపుస్తకంలో ఎం. సునీల్ కుమార్, కరెంటు బిల్లులో చెవికి వినబడినట్టు మొండల్ సునీల్ అవుతాడు. ఈ నలుగురూ ఒకరేనని అధికారికి తెలిసే దారి లేదు. ఏ కాగితంలో ఏ పేరుందో వరుసగా రాసి, ఇవన్నీ నా పేర్లేనని నోటరీ ముందు ఒక అఫిడవిట్ చేయించండి. ఫారంలో మాత్రం మొదటి సంచిలోని పేరే మొదటి నుంచి చివరి వరకు వాడండి.

ఇవి కాక మరికొన్ని కావాలి: వచ్చిన తేదీ, దేశం, మతం తెలిపే మీ అఫిడవిట్; మీ నడవడిక గురించి ఒక భారత పౌరుడు ఇచ్చే అఫిడవిట్; మీ మతాన్ని ధ్రువీకరిస్తూ స్థానికంగా పేరున్న ధార్మిక లేదా సామాజిక సంస్థ ఇచ్చే పత్రం. అబద్ధం మాత్రం ఒక్కటీ రాయవద్దు. తెలిసి తప్పుడు వివరం ఇస్తే ఐదేళ్ళ వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మోసంతో పొందిన పౌరసత్వాన్ని తరువాత రద్దు చేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. వచ్చిన తేదీ సరిగ్గా గుర్తులేనివారు, ఏ పండుగ ముందో, ఎవరి పెళ్ళి తరువాతో ఇంట్లో పెద్దవారిని అడిగి తేల్చుకున్నాకే రాయాలి.

ఆన్‌లైన్‌లో పంపడం

దరఖాస్తు అంతా కేంద్ర హోం శాఖ పౌరసత్వ పోర్టల్‌లోనే. మొబైల్‌లో సీఏఏ-2019 అనే యాప్ కూడా ఉంది. ఈమెయిలు, ఫోను నంబరు మీవే ఇవ్వండి. నెట్ సెంటరు యజమాని నంబరు ఇస్తే ఆ తరువాతి పిలుపులన్నీ ఆయనకే వెళతాయి, ఆయన దుకాణం ఎత్తేస్తే మీ దరఖాస్తు ఎక్కడుందో మీకు తెలియదు. ప్రస్తుత దేశపు పౌరసత్వాన్ని శాశ్వతంగా వదులుకుంటున్నానని, మళ్ళీ దానిని కోరనని చెప్పే ప్రకటన కూడా ఇందులో ఉంటుంది. దానిని ఇంట్లోవారికి చదివి వినిపించిన తరువాతే ముందుకు వెళ్ళండి. పంపిన వెంటనే వచ్చే రసీదును అచ్చు తీసి ఫైలులో పెట్టండి.

కమిటీ ముందు హాజరు

మామూలు పౌరసత్వ దరఖాస్తులు కలెక్టరు ద్వారా వెళతాయి. ఈ చట్టం కింద పెట్టినవి జిల్లాస్థాయి కమిటీకి వెళతాయి. దానికి తపాలా శాఖ సూపరింటెండెంటు స్థాయి అధికారి అధ్యక్షుడు. అందుచేత పిలుపు పోస్టాఫీసు నుంచి వస్తే ఆశ్చర్యపోకండి. చెప్పిన రోజున అసలు కాగితాలు రెండు సంచులూ తీసుకుని స్వయంగా వెళ్ళాలి. అధికారి పోల్చి చూసి, భారత రాజ్యాంగానికి విధేయుడనై ఉంటానని, చట్టాలను పాటిస్తానని మీతో ప్రమాణం చేయించి, సంతకం తీసుకుంటారు. తగిన అవకాశాలు ఇచ్చినా రానివారి దరఖాస్తును తిరస్కరణకు పంపవచ్చు. కోతల కాలమని, వలస పనికి వెళ్ళామని ఈ రోజును మాత్రం పోగొట్టుకోవద్దు. రాలేని పరిస్థితి ఉంటే ముందే రాతపూర్వకంగా వేరే తేదీ అడగండి.

తుది నిర్ణయం రాష్ట్రంలోని సాధికార కమిటీది. దానికి జనగణన డైరెక్టరు అధ్యక్షుడు. భద్రతాపరమైన విచారణ జరుగుతుంది గనుక ఇంటికి ఎవరైనా వచ్చి అడిగితే ఫారంలో రాసినదే చెప్పండి. తిరస్కరణ వస్తే ఉత్తర్వు తేదీ నుంచి 30 రోజులలోగా చేయవలసిన పునఃపరిశీలన దరఖాస్తుకు చట్టంలో దారి ఉంది. ఆ 30 రోజులలో మొదటి వారంలోనే న్యాయవాదిని కలవండి.

ఈ దారి లేనివారు

మయన్మార్ నుంచి వచ్చి హైదరాబాదు బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాలకు గానీ, శ్రీలంక నుంచి వచ్చిన తమిళ శరణార్థులకు గానీ ఈ చట్టం వర్తించదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ముస్లింలకూ అంతే. కాగితాలు లేకుండా వచ్చినవారిని చట్టం అక్రమ వలసదారులుగా చూస్తుంది గనుక మామూలు రిజిస్ట్రేషన్, నేచురలైజేషన్ దారులు కూడా వారికి మూసి ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డు వారి వద్ద ఉన్నా అది పౌరసత్వ పత్రం కాదు, 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. ఎంత ఆపదలో వచ్చారన్నది కాక, ఎక్కడి నుంచి ఏ మతంవారై వచ్చారన్నది చూసి తలుపు తెరవడం న్యాయం కాదని నేను నమ్ముతాను. ఆ కుటుంబాలకు పౌరసత్వం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారెవరైనా మోసగాళ్ళే.

ధ్రువపత్రం వచ్చాక

ధ్రువపత్రం డిజిటల్ రూపంలో వస్తుంది. దరఖాస్తులో కోరితే కాగితం ప్రతి కూడా ఇస్తారు. చూడగానే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకుని, తప్పుంటే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ తరువాత ఓటరు నమోదుకు ఫారం 6, పాస్‌పోర్టు, ఏది ముందైనా పరవాలేదు. పిల్లల పని మాత్రం వాయిదా వేయవద్దు. పౌరసత్వం లేని మైనరు పిల్లలుంటే వారికి 4ఏ వర్తించేది పద్దెనిమిదేళ్ళు నిండేవరకే. ఆ పుట్టినరోజు దాటితే ఫారమూ మారుతుంది, అడిగే ఆధారాలూ మారతాయి. ఇంట్లో పదిహేడేళ్ళ అమ్మాయి ఉంటే, తల్లిదండ్రుల ధ్రువపత్రం చేతికి అందిన వారంలోనే ఆమె దరఖాస్తు పంపండి.